వాడ ఓటు రహస్యం: ఓటింగ్ మిషన్ పరిశోధనల్లో మిగిలిపోయిన సగం

కంప్యూటర్ భద్రత మీద పరిశోధన చేసేవాళ్లు తరచూ వేసుకునే ప్రశ్న ఒకటుంది. ప్రయోగశాలలో బయటపడ్డ లోపం, సదస్సులో చదివిన పత్రం, జనం బతుకులో మార్పుగా ఎట్లా మారుతుంది? మన దేశంలో ఈ ప్రశ్నకి చెప్పుకోదగ్గ జవాబు ఓటింగ్ మిషన్ చరిత్రలో దొరుకుతుంది. 2010లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ మిషన్ లోపాల మీద ఒక పరిశోధన పత్రం వచ్చింది. 2013లో మిషన్‌కి కాగితం చీటీ పెట్టె జతపడింది. 2019 నాటికి అది దేశంలో ప్రతి బూత్‌కీ చేరింది. ఈ మార్పుకి ఆ పత్రం ఒక్కటే కారణమని మేం అనటం లేదు. కాని ఆ చర్చని కదిలించిన వాటిల్లో అది ముఖ్యమైనది.

అయితే ఆ పత్రం చెప్పిన సంగతులు రెండు. మిషన్ చేతికి చిక్కినవాడు ఓట్ల లెక్కని మార్చగలడు అన్నది ఒకటి. ఎవరు ఎవరికి ఓటేశారో కూడా తెలుసుకోగలడు అన్నది రెండోది. మొదటిది పార్టీల దగ్గరికి, కమిషన్ దగ్గరికి, సుప్రీంకోర్టు దగ్గరికి నడిచింది. రెండోది పత్రంలోనే ఉండిపోయింది. ఇట్లా ఎందుకు జరిగింది? పరిశోధనలో ఏ సగం బతుకులోకి వస్తుందో, ఏ సగం రాదో ఎవరు తేలుస్తారు? దళిత వాడ వైపు నుంచి ఈ చరిత్రని చదవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

రహస్యం ఎవరికి అవసరం?

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన హెచ్చరిక మనందరికీ తెలుసు. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం, ఈ రెంటి మధ్య వైరుధ్యంలోకి దేశం అడుగు పెడుతోందని ఆయన అన్నాడు. ఆ వైరుధ్యం రోజూ కనపడే చోటు పల్లెటూరి పోలింగ్ బూత్. కూలికి పోయేది ఆసామి పొలానికే, అప్పు తెచ్చేది ఆయన దగ్గరే, కొన్ని చోట్ల నీళ్లకి నడవాల్సింది ఆయన వీధి మీదుగానే. అట్లాంటప్పుడు ఆయనకి వ్యతిరేకంగా ఓటు వెయ్యాలంటే అది ఆయనకి తెలియకూడదు. పట్నంలో చదువుకున్న మధ్యతరగతి మనిషికి ఓటు రహస్యం ఒక హక్కు, ఒక మర్యాద. వాడలో అది రేపటి కూలి, ఇంటి స్థలం, ఒక్కోసారి ప్రాణం.

ఈ మాట మేం ఊహించి చెప్పేది కాదు, చట్టమే ఒప్పుకుంది. ఎస్సీ, ఎస్టీలను ఫలానా వాళ్లకే ఓటు వెయ్యమని బలవంతపెట్టటం, బెదిరించటం 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నేరం. 2015లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు ఇంకొక మెట్టు ముందుకు పోయారు. పోలింగ్ అయిపోయిన తర్వాత దాడి చెయ్యటం, సాంఘిక, ఆర్థిక బహిష్కరణ పెట్టటం, ప్రభుత్వ సేవలు అందకుండా చెయ్యటం కూడా నేరాల జాబితాలో చేర్చారు. అంటే ఓటు తర్వాత పగ తీర్చుకోవటం అనేది ఉందని పార్లమెంటు గుర్తించింది. మరి ఓటు రహస్యం అయినప్పుడు పగ తీర్చుకునేవాడికి ఆ ఓటు ఎటు పోయిందో ఎట్లా తెలుస్తోంది? ఆ ప్రశ్న మాత్రం చట్టం వేసుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కులం శిక్ష వేసేది ఒక్క మనిషికి కాదు. 1991లో చుండూరులో ఆగస్టు 6 నాటి హత్యాకాండకి ముందు నడిచిన సాంఘిక బహిష్కరణ వాడ మొత్తం మీద నడిచింది. గొడవ ఎవరితో మొదలైనా కూలి ఆగేది అందరికీ. కాబట్టి ఓటు విషయంలో కూడా ఫలానా మనిషి ఏ గుర్తు మీద నొక్కాడో తెలియకపోతే చాలదు. వాడ మొత్తంగా ఎటు వేసిందో కూడా తెలియకూడదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో 1872లో రహస్య ఓటు చట్టం తెచ్చినప్పుడే, లెక్కపెట్టే ముందు అన్ని పెట్టెల్లోని కాగితాలనూ కలిపెయ్యాలని నియమం పెట్టారు. భూస్వాముల కింద కౌలుదార్లు బతికే దేశంలో ఏ ఊరి పెట్టె ఏం చెప్పిందో తెలియకూడదని వాళ్లకి అర్థమైంది. మన దేశంలో కూడా 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 59ఏ అనే నియమం ఉంది. ఓటర్లను బెదిరిస్తారనీ, తర్వాత వేధిస్తారనీ అనుమానం ఉన్న నియోజకవర్గాల్లో బ్యాలెట్ కాగితాలను కలగలిపి లెక్కించమని కమిషన్ ఆదేశించవచ్చు. ఇది కాగితం కాలం నాటి రక్షణ.

మిషన్ వచ్చిన దారి

ఓటింగ్ మిషన్ కథలో మన హైదరాబాద్‌కి పెద్ద చోటే ఉంది. 1977లో ఎన్నికల కమిషన్ ఈ పనిని ఇక్కడి ఈసీఐఎల్‌కి అప్పజెప్పింది. 1979లో నమూనా తయారైంది. 1980 ఆగస్టులో రాజకీయ పార్టీలకు దాన్ని చూపించారు. తర్వాత బెంగళూరులోని బీఈఎల్ కూడా తయారీలోకి వచ్చింది. 1982 మేలో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 బూత్‌లలో మొదటిసారి వాడారు. చట్టంలో మిషన్ మాట లేదు కాబట్టి ఆ ఎన్నిక చెల్లదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. 1988లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీల్లో 16 అసెంబ్లీ స్థానాల్లో వాడి చూశారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో మొత్తం 543 స్థానాల్లోనూ మిషన్ మీదే పోలింగ్ జరిగింది.

కాగితం బ్యాలెట్ రోజులే మంచివని పాట పాడే ఉద్దేశం మాకు లేదు. ఆ రోజుల్లో బూత్‌లోకి జొరబడి పుస్తకాలకు పుస్తకాలు గుద్దుకున్న చరిత్ర దళితులకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాడ నుంచి బయల్దేరిన ఆడవాళ్లను మీ ఓట్లు అయిపోయాయి పొండి అని దారిలోనే తిప్పి పంపిన కాలం అది. ముద్ర గీత మీద పడిందని చదువురాని వాళ్ల ఓట్లు చెల్లకుండా పోయేవి. మిషన్ నిమిషానికి కొద్ది ఓట్లకు మించి తీసుకోదు. చెల్లని ఓటు అనే మాటే లేకుండా పోయింది. మిషన్ వచ్చాక ఎన్నికల అక్రమాలు తగ్గాయనీ, బలహీన వర్గాల వాళ్లు ఓటు వెయ్యగలగటం పెరిగిందనీ 2017లో వచ్చిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం చెప్పింది. ఆ లాభాన్ని మేం తక్కువ చెయ్యటం లేదు.

కాని మిషన్‌తో పాటు ఒక నష్టం కూడా చప్పుడు లేకుండా వచ్చింది. కాగితాలను ఒక కుప్పగా పోసి కలపొచ్చు. మిషన్లను కలపటానికి లేదు. ప్రతి బూత్ మిషన్ తన లెక్క తాను విడిగా చెప్తుంది. ఆ లెక్క ఫారం 20 అనే పట్టికలోకి ఎక్కుతుంది. ఏ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఆ పట్టికలో ఉంటుంది. రాష్ట్ర ఎన్నికల అధికారులు దాన్ని అందరికీ అందుబాటులో పెడతారు. కాగితం కాలం నాటి 59ఏ నియమం ఇచ్చిన మరుగు మిషన్ కాలంలో తొలగిపోయింది.

2010: పత్రం చెప్పింది ఏమిటి?

2010 ఏప్రిల్‌లో వచ్చిన పరిశోధనలో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం అధ్యాపకుడు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌లో ఓటింగ్ మిషన్ల మీద ఉద్యమం నడిపిన రాప్ హాంగ్రైప్ ముఖ్యులు. వాళ్లతో పాటు ఇంకా కొందరు యువ పరిశోధకులు పని చేశారు. పేరు చెప్పని వ్యక్తి నుంచి వాళ్లకి ఒక అసలు మిషన్ దొరికింది. దాన్ని విప్పి రెండు రకాల దాడులు చేసి చూపించారు.

మొదటి దాడిలో ఫలితం చూపించే అంకెల పలకని తీసేసి అచ్చం అట్లాంటిదే ఇంకొకటి బిగించారు. అందులో దాచిన చిన్న చిప్ సెల్‌ఫోన్ నుంచి వచ్చిన సంకేతాన్ని బట్టి తప్పుడు అంకెలు చూపిస్తుంది. రెండో దాడిలో పోలింగ్‌కీ కౌంటింగ్‌కీ మధ్య మిషన్‌ని తెరిచి, జ్ఞాపకం ఉండే చిప్‌లకి క్లిప్ లాంటి పరికరం తగిలించారు. దాంతో లోపలి ఓట్లను మార్చొచ్చు, చదవొచ్చు. ఓట్లు పడిన వరసలోనే లోపల నమోదై ఉన్నాయి. బూత్ రిజిస్టర్‌లో ఓటర్లు సంతకం పెట్టిన వరస ఎట్లాగూ ఉంటుంది. ఈ రెండు వరసలనూ పక్కపక్కన పెడితే ఎవరు ఎవరికి వేశారో బయటపడుతుంది.

మిషన్లు సీలు వేసి కాపలాలో ఉంటాయి కాబట్టి ఇవేవీ బయట సాధ్యం కావని కమిషన్ జవాబిచ్చింది. తర్వాతి తరాల మిషన్లలో మార్పులు చేశామని కూడా చెప్తూ వచ్చింది. 2010 ఆగస్టులో మహారాష్ట్ర పోలీసులు హైదరాబాద్ వచ్చి, మిషన్ దొంగతనం కేసులో హరిప్రసాద్‌ని అరెస్టు చేశారు. వారం రోజుల తర్వాత బెయిల్ వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్‌లో అదే పత్రం షికాగోలో జరిగిన పెద్ద అంతర్జాతీయ భద్రతా సదస్సులో చదివారు. అదే ఏడాది ఆయనకి అమెరికాలో ఒక డిజిటల్ హక్కుల సంస్థ పురస్కారం ఇచ్చింది.

మొదటి సగం నడిచిన తీరు

లెక్క మారొచ్చు అన్న సగం ఎట్లా కదిలిందో చూద్దాం. 2010 అక్టోబర్‌లో కమిషన్ అఖిలపక్ష సమావేశం పిలిచింది. కాగితం చీటీ కావాలని పార్టీలు అడిగాయి. కమిషన్ దాన్ని నిపుణుల కమిటీకి పంపింది. 2011 జులైలో లద్దాఖ్, చిరపుంజి, జైసల్మేర్, తిరువనంతపురం, తూర్పు ఢిల్లీ లాంటి రకరకాల వాతావరణాల్లో పరీక్షించారు. 2013 ఆగస్టులో నియమాలు మార్చారు. సెప్టెంబర్‌లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో వీవీప్యాట్ మొదటిసారి వాడారు. సుబ్రమణ్యస్వామి వేసిన కేసులో 2013 అక్టోబర్ 8న సుప్రీంకోర్టు, స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలంటే ఈ చీటీ తప్పనిసరి అని చెప్పింది. 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 16 లక్షలకు పైగా వీవీప్యాట్‌ల కోసం సుమారు 3,173 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2019లో అన్ని బూత్‌లలోనూ వాడారు. సగం చీటీలు లెక్కించాలని చంద్రబాబు నాయుడు, మరి కొందరు ప్రతిపక్ష నాయకులు కోర్టుకి పోతే, అసెంబ్లీ సెగ్మెంటుకి ఐదు బూత్‌లు చాలని 2019 ఏప్రిల్ 8న కోర్టు తేల్చింది. అన్ని చీటీలూ లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చింది.

ఈ వరస చూస్తే పరిశోధన ఎట్లా ఆచరణ అవుతుందో తెలుస్తుంది. దానికి అడిగేవాళ్లు కావాలి. ఓట్ల లెక్క మారుతుందన్న భయానికి ప్రతి ఎన్నికలోనూ అడిగేవాళ్లు పుడతారు, ఎందుకంటే ప్రతి ఎన్నికలోనూ ఓడిపోయే పార్టీ ఒకటుంటుంది. నిన్న మిషన్‌ని తిట్టిన పార్టీ ఇవాళ గెలిస్తే ఊరుకుంటుంది, నిన్న పొగిడిన పార్టీ ఇవాళ ఓడితే తిడుతుంది. ఎవరు అడిగినా ఆ ప్రశ్న మాత్రం చావదు. దానికి వకీళ్లు దొరికారు, డబ్బు దొరికింది, పదేళ్లు తిరక్కముందే అది ఇనప పెట్టె రూపంలో బూత్‌లోకి వచ్చి కూర్చుంది.

రెండో సగం ఆగిపోయిన తీరు

రహస్యం విషయంలో అసలు పరిష్కారం దొరకలేదా? దొరికింది. దాని పేరు టోటలైజర్. 14 మిషన్లను ఒకేసారి ఒక పరికరానికి తగిలిస్తే, విడివిడి లెక్కలు చెప్పకుండా 14 బూత్‌ల మొత్తం చెప్తుంది. కాగితాలను కుప్ప పోసి కలపటానికి ఇది మిషన్ రూపం. మిషన్లు తయారుచేసే ఈసీఐఎల్, బీఈఎల్‌లే దీన్నీ తయారుచేశాయి. బూత్ వారీ లెక్క వల్ల ఓటర్లు వేధింపులకి గురవుతున్నారనీ, దీన్ని వాడటానికి నియమాలు మార్చమనీ 2008 నవంబర్‌లో ఎన్నికల కమిషనే కేంద్రానికి రాసింది. 2015 మార్చిలో లా కమిషన్ తన 255వ నివేదికలో అదే సిఫారసు చేసింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూత్ వారీ లెక్క తెలిస్తే పార్టీలు ఎక్కడ వెనకబడ్డాయో చూసుకుని అక్కడ బాగా పని చేస్తాయని సుప్రీంకోర్టులో వాదించింది. టోటలైజర్ ఇప్పటికీ కౌంటింగ్ బల్ల మీదికి రాలేదు.

వెనకబడ్డ చోట బాగా పని చేస్తారన్న మాట వాడలో ఎవరికైనా చెప్పి చూడండి. 2019 ఎన్నికల్లో ఒక కేంద్ర మంత్రి బహిరంగ సభలోనే, మాకు పడిన ఓట్ల శాతాన్ని బట్టి ఊళ్లను ఏ, బీ, సీ, డీలుగా విడదీస్తాం, అభివృద్ధి పనులు ఆ వరసలో జరుగుతాయి అన్న అర్థంలో మాట్లాడారు. దేశమంతా ఆ మాట విన్నది. ఆ తరగతులు విడదీయటానికి కావలసిన సమాచారం ఎన్నికల యంత్రాంగమే ఉచితంగా అందిస్తోంది.

ఇందులో ఇంకొక వైరుధ్యం కూడా ఉంది. ఊళ్లోకి పోయి ఓటెయ్యాలంటే పెత్తందార్ల వీధి దాటాలి కాబట్టి మా వాడలోనే బూత్ కావాలని దళితులు అడిగారు. ఓటర్లు తక్కువున్నా సరే ఎస్సీ, బలహీన వర్గాల నివాసాల్లో బూత్‌లు పెట్టాలని కమిషన్ సూచనలు కూడా ఉన్నాయి. అది మన గెలుపు. కాని వాడకి విడిగా బూత్ ఉంటే వాడ ఓటు కూడా విడిగా కనపడుతుంది. 600 ఓట్ల వాడ బూత్‌లో ఒక పార్టీకి 20 ఓట్లే పడితే, ఎవరు నొక్కారో ఎవరూ చూడకపోయినా అందరి ఓటూ బయటపడ్డట్టే. జనాభా లెక్కల మీద పని చేసేవాళ్లకి ఇది కొత్త కాదు. చిన్న గుంపు అంకెలు విడిగా ప్రకటిస్తే మనుషుల గుట్టు బయటపడుతుందని గణాంక శాస్త్రంలో ఎప్పటి నుంచో తెలుసు. ఎన్నికల ముందు బెదిరింపులకి లొంగే అవకాశం ఉన్న వాడల జాబితా కమిషనే తయారుచేస్తుంది. పోలింగ్ రోజున అక్కడికి పోలీసులను పంపుతుంది. కౌంటింగ్ అయ్యాక అదే వాడ లెక్క విడిగా బయటికి వస్తుంది. పోలీసులు అప్పటికి వెళ్లిపోయి ఉంటారు.

వేరే దేశాల్లో ఇట్లా జరగలేదు

రహస్యం మీద పరిశోధన ఎక్కడా ఫలించదా అంటే, అదీ నిజం కాదు. నెదర్లాండ్స్‌లో 2006లో, ఇందాక చెప్పిన హాంగ్రైప్ బృందం అక్కడి ఓటింగ్ మిషన్లను విప్పి చూపించింది. మిషన్ తెర నుంచి వచ్చే రేడియో తరంగాలను కొంత దూరం నుంచి పట్టుకుంటే ఓటు ఎటు పడిందో ఊహించొచ్చని తేలింది. అదే ఏడాది అక్టోబర్‌లో, ఎన్నికలు వారాల్లో ఉండగా, ఒక రకం మిషన్లకి అనుమతి రద్దు చేశారు. కారణం రహస్యమే. 2008లో ఆ దేశం కాగితం బ్యాలెట్‌కి మళ్లింది. జర్మనీలో 2009 మార్చి 3న రాజ్యాంగ న్యాయస్థానం, నిపుణుడి సాయం లేకుండా మామూలు పౌరుడు సరిచూసుకోగలిగినట్టు ఎన్నిక ఉండాలని చెప్పి అప్పటి మిషన్లను కొట్టేసింది.

మన కోర్టులకి రహస్యం విలువ తెలియదా? తెలుసు. 2013 సెప్టెంబర్ 27న నోటా తీర్పు ఇచ్చింది రహస్యం పేరు మీదే. ఎవరికీ ఓటు వెయ్యనని చెప్పేవాడి పేరు రిజిస్టర్‌లోకి ఎక్కితే అతని రహస్యం పోతుందని సుప్రీంకోర్టు గుర్తించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఈ రెండు తీర్పుల్లోనూ గోప్యత ముఖ్యంగా ఒక్కొక్క మనిషిది. చట్టం చూసే పౌరుడు ఒంటరివాడు. ఊళ్లో కులం చూసేది వాడని. మన ఎన్నికల వ్యవస్థకి గుంపు గోప్యత అనే ఆలోచన పరాయిదిగానే ఉండిపోయింది. నెదర్లాండ్స్ ఓటరు రహస్యం ఒక్కొక్కడిది, కాబట్టి చట్టానికి కనపడింది. వాడ రహస్యం ఉమ్మడిది, కాబట్టి కనపడలేదు.

అడిగేవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. లెక్క మారుతుందంటే ఓడిన పార్టీ అడుగుతుంది. బూత్ లెక్క దాచమని ఏ పార్టీ అడుగుతుంది? గెలిచినవాడికీ ఓడినవాడికీ ఆ పట్టిక కావాలి. డబ్బు పంచినవాడికి పంచిన చోట ఓటు పడిందో లేదో చూసుకోవటానికి అదొక్కటే రసీదు. దళితుల పేరు మీద నడిచే పార్టీలు కూడా ఆ పట్టిక చూసే తమ బలం లెక్క వేసుకుంటాయి. మనలాంటి పరిశోధకులకి కూడా అది పనికొచ్చే పట్టికే. దళితులు ఎటు ఓటేశారని రాసే వ్యాసాల్లో ఎన్నో బూత్ లెక్కల మీదే నిలబడ్డాయి. టోటలైజర్ వస్తే మనకీ కొంత పోతుంది. పోయినా ఫరవాలేదనే మేం అంటున్నాం. వాడ కూలి ఆగిపోయేట్టు చేసే అంకె మీద మన విద్య నిలబడాల్సిన పని లేదు.

చెయ్యాల్సిన పని

ఒక సాంకేతిక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. బూత్ లెక్క కలిపేస్తే చీటీలతో సరిచూడటం ఎట్లా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఐదు బూత్‌లను విడివిడిగా కాకుండా, 14 బూత్‌ల గుంపును చీటీ వేసి ఎంచి, ఆ గుంపు చీటీలన్నీ కలిపి లెక్కపెట్టి, టోటలైజర్ మొత్తంతో పోల్చవచ్చు. ఏ బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయన్న లెక్క ఇప్పట్లాగే బయట పెట్టొచ్చు, అందులో ఎవరి ఓటూ తెలియదు. గుంపులో అంకె తేడా వస్తే అప్పుడు ఎన్నికల అధికారుల సమక్షంలో బూత్ బూత్ వెతకొచ్చు. ఇందులో శ్రమ ఎక్కువే. కాని లెక్క భద్రత కోసం వేల కోట్లు పెట్టిన దేశానికి రహస్యం కోసం కౌంటింగ్ బల్ల మీద ఇంకొక పరికరం పెట్టటం పెద్ద భారం కాదు. భద్రత, గోప్యత రెండూ ఒకదాన్ని ఇంకొకటి చంపుకోవాల్సిన అవసరం లేదు. రెంటినీ కలిపి ఆలోచించే పరిశోధన కావాలి, అంతే.

కంప్యూటర్ సైన్సు చదివే మన పిల్లలు ఇప్పుడు యూనివర్సిటీల్లో ఉన్నారు, పెద్ద కంపెనీల్లో ఉన్నారు. గుంపు గోప్యతని లెక్కల్లో పెట్టి చూపించటం వాళ్లు చెయ్యగల పని. ఎన్ని బూత్‌లు కలిపితే వాడ ఓటు మరుగున పడుతుంది, వాడ బూత్‌లన్నీ ఒకే గుంపులో పడకుండా ఎట్లా కలపాలి అన్నవి నిజమైన పరిశోధన ప్రశ్నలు. ఎన్నికల తర్వాత కూలి ఆగిన, పింఛను ఆగిన, పనుల్లోంచి తీసేసిన ఘటనలను తేదీలతో నమోదు చెయ్యటం ఊళ్లలో కార్యకర్తలు చెయ్యగల పని. అత్యాచారాల చట్టంలో పోలింగ్ తర్వాత నేరాల గురించిన సెక్షన్లు ఉన్నాయని పోలీస్ స్టేషన్‌లో గుర్తుచెయ్యటం కూడా అందులో భాగం. బూత్ అంకె ఎవరి చేతిలో ఎట్లా ఆయుధం అవుతుందో ఈ రెండు పనులూ కలిస్తేనే కోర్టుకి చూపించగలం.

2010 పత్రంలో మొదటి సగాన్ని ఓడిపోయిన పార్టీలు భుజాన వేసుకుని నడిపించాయి. రెండో సగాన్ని నడిపించటానికి ఏ పార్టీ రాదు. వాడే నడిపించాలి. 2008లో కమిషన్ రాసిన లేఖ, 2015లో లా కమిషన్ ఇచ్చిన సిఫారసు మన చేతిలో ఉన్నాయి. వచ్చే ఎన్నికల లోపు ప్రతి జిల్లా నుంచి టోటలైజర్ అడుగుతూ ఒక మహజరు పోవాలి. దాని వెనక మన దగ్గర నమోదైన ఘటనలు ఉండాలి.